గాలి పరుపు కింద చేయి పెట్టి చూశారా?

మా బాపు గీత కార్మికుడు. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక చిన్న ఊరు. తాటిచెట్టు మీదినుంచి పడినప్పుడు ఆయన నడుము పూస విరిగింది. గీత కార్మికులకు ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలైంది 2024లో. బాపు పడింది అంతకు ముందే, మోకు తప్ప ఇంకేమీ లేని కాలంలో. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. ప్రాణం దక్కింది గానీ నడుము కింద స్పర్శ పోయింది, కాళ్లు కదలవు.

ఆ తర్వాత మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువగా నడిచిన చర్చ పరుపుల గురించి. నవ్వొచ్చే మాటే కానీ నిజం. మంచాన పడ్డ మనిషికి పుండ్లు పడకుండా ఏ పరుపు వేయాలి, మడమల కింద ఏం పెట్టాలి, చక్రాల కుర్చీలో ఏ కుషన్ వేయాలి అనేవి ఒక్కొక్కటిగా తెలుసుకుంటూ వచ్చాం. నేను మోటార్ వైండింగ్ పని చేస్తాను. కాబట్టి పంపుల సంగతి నాకు తొందరగానే అర్థమైంది. మిగతాదంతా అమ్మ, నేను, మా ఆవిడ చేస్తూ చేస్తూ నేర్చుకున్నదే.

ఆసుపత్రి నుంచి పంపే ముందు ఫిజియోథెరపిస్టు మేడం బాపును పక్కకు తిప్పి, నడుము కింద, పిర్రల మధ్య పైన ఉండే ఎముక దగ్గర ఒక మచ్చ చూపించింది. చర్మం చిట్లలేదు. చుట్టూ ఉన్న చర్మం కన్నా కొంచెం నల్లగా ఉంది, అంతే. అక్కడ వేలితో నొక్కి పట్టుకుని వదలమంది. మామూలు ఎర్రదనమైతే నొక్కి తీసిన వెంటనే తెల్లబడి మళ్లీ రంగు వస్తుందట, అలా మారకపోతే లోపల కండ దెబ్బతినడం మొదలైనట్టట. బాపుది ఎండలో చెట్లెక్కిన ఒళ్లు, నల్లటి మనిషి. "మీలాంటి రంగు వాళ్లలో ఎరుపు కనిపించదు. చేత్తో తడిమి చూడాలి. చుట్టుపక్కల కన్నా వేడిగా ఉందా, గట్టిగా ఉందా, లేకపోతే మరీ మెత్తగా ఉందా అని చూడండి" అని చెప్పింది. ఎర్రగా లేదు కదా అని ఊరుకునే వాళ్లు మా చుట్టాల్లోనే బోలెడు మంది. ఈ ఒక్క మాట ప్రతి ఇంటికీ చెప్పాలనిపిస్తుంది.

బాపుకు మాత్రం ఇదంతా వింతగా ఉండేది. "బిడ్డా, నాకు నొప్పే లేదు గదా, ఎందుకు ఊకె తిప్పుతున్నరు?" అని ఆమెనే అడిగాడు. నొప్పి తెలియట్లేదు కాబట్టే తిప్పాలి అంకుల్ అంది ఆమె. మనం నిద్రలో కూడా అటూ ఇటూ దొర్లుతాం. ఒకచోట ఎక్కువసేపు బరువు పడితే ఒళ్లే చెబుతుంది, తెలియకుండానే జరుగుతాం. ఆయన ఒళ్లు ఆ కబురు పంపడం మానేసింది. పైన ఎముక, కింద పరుపు, మధ్యలో నలిగే కండకు రక్తం అందదు. పుండు చాలాసార్లు లోపల ఎముక దగ్గర మొదలై పైకి వస్తుంది. అందుకే పైకి రూపాయి బిళ్లంత కనిపించినా లోపల పెద్ద గుంత ఉండవచ్చని చెప్పారు.

రెండు గంటలకోసారి తిప్పడం అనే లెక్క ఎక్కడిదో కూడా ఆమే చెప్పింది. ఇంగ్లండ్‌లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో 1944లో వెన్నుపూస దెబ్బతిన్న సైనికుల కోసం ప్రత్యేక వార్డు పెట్టిన లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టర్, రాత్రీ పగలూ మనుషుల్ని తిప్పించడం అక్కడ నియమంగా పెట్టాడట. అప్పటిదాకా అలాంటి సైనికుల్లో చాలామంది పుండ్లతో, మూత్రం ఇన్‌ఫెక్షన్లతో చనిపోయేవాళ్లట. పారాలింపిక్స్‌కు బీజం వేసింది కూడా ఈయనే. బాపుకు ఈ కథ బాగా నచ్చింది. ఆ తర్వాత తిప్పుతుంటే విసుక్కోవడం తగ్గింది.

ఇంటికొచ్చాక చుట్టాలు మొదలుపెట్టారు. ఒకరు స్పిరిట్‌తో రుద్ది పౌడర్ కొట్టమన్నారు, ఇంకొకరు కొబ్బరినూనె పెట్టి గట్టిగా మర్దన చేయమన్నారు. రంగు మారిన చోట రుద్దితే అప్పటికే నలిగిన కండ ఇంకా నలుగుతుంది. అమ్మ మొహమాటస్తురాలు, వచ్చిన వాళ్లకు కాదని చెప్పలేదు. అందుకే ఆ పని మా ఆవిడ తీసుకుంది. "డాక్టర్ వద్దన్నడు పెద్దమ్మా" అంటే ఎవరూ మాట్లాడరు. డాక్టర్ పేరు చెప్పడం ఇలాంటప్పుడు చాలా పనికొస్తుంది.

పరుపు కోసం హైదరాబాద్‌లో కోఠికి వెళ్లాను. అక్కడ సర్జికల్ షాపులు వరసగా ఉంటాయి, ఒక్కో షాపులో ఒక్కో మాట చెబుతారు. ఒకాయన నీళ్ల పరుపు తీసుకో, కరెంటు అక్కర్లేదన్నాడు. అదీ బరువును కాస్త పరుస్తుంది, కానీ నీళ్లు నింపితే ఎత్తలేనంత బరువు, చలికాలంలో చల్లబడుతుంది, చిరిగితే ఇల్లంతా చెరువు. గాలి పరుపుల్లో రెండు రకాలు చూపించారు. ఒకటి బుడగలది. పలచటి ప్లాస్టిక్ షీటు మీద వరసలుగా బుడగలు ఉంటాయి, మామూలు పరుపు మీద పరుస్తారు. రెండు మూడు వేలల్లో వస్తుంది. రెండోది గొట్టాలది. అడ్డంగా లావుపాటి గొట్టాలు పక్కపక్కన ఉంటాయి. ఎక్కువ లోతు, ఎక్కువ బరువు మోస్తుంది, ఒక గొట్టం పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. దాని ధర మొదటిదానికి కొన్ని రెట్లు. రెండూ పనిచేసే తీరు ఒకటే. పంపు ఒక వరసకు గాలి నింపుతుంది, పక్క వరసను దించుతుంది, పది నిమిషాలు అటూ ఇటుగా మళ్లీ తారుమారు చేస్తుంది. ఒళ్లు అలాగే ఉంటుంది, బరువు పడే చోటు మారుతుంది.

మేం బుడగలదే తీసుకున్నాం. బాపు బక్కపలచటి మనిషి, పుండు ఇంకా పడలేదు, పైగా తిప్పడానికి ఇంట్లో ముగ్గురం ఉన్నాం. లావుగా ఉన్నవాళ్లకు, అప్పటికే పుండు పడ్డవాళ్లకు, ఇంట్లో ఒక్కరే చూసుకునే చోట గొట్టాలదే తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. కొనలేకపోతే అద్దెకిచ్చే షాపులు కూడా ఉన్నాయి.

తెచ్చి వేయబోతే మొదటి చిక్కు మంచంతో వచ్చింది. బాపుది నవారు మంచం. దాని మీద ఏది వేసినా మధ్యలో గుంత పడుతుంది, నడుము ఆ గుంతలోకి దిగిపోతుంది. బుడగల పరుపు అలా వంగితే బరువంతా నడుము దగ్గరే చేరి బుడగలు అక్కడ నలిగిపోతాయి. పక్కింటివాళ్ల చెక్క మంచం అడిగి తెచ్చి, దాని మీద మామూలు ఫోం పరుపు, దాని మీద ఇది వేశాం. ఉత్త చెక్క మీద వేయకూడదు. బుడగలు పైకి, పైపులు కాళ్లవైపు ఉండాలి. పంపును కాళ్ల వైపు మంచానికి తగిలించాలి, నేల మీద పెడితే ఊడ్చేటప్పుడు, తడిగుడ్డ పెట్టేటప్పుడు ఇబ్బంది.

షాపువాడు డయల్‌ను ఫుల్‌లో పెట్టి వదిలేయమన్నాడు. ఫుల్‌లో పెడితే పరుపు బల్లలా బిగుస్తుంది. గాలి నిండేదాకా అలా ఉంచి, తర్వాత మనిషి బరువును బట్టి తగ్గించుకోవాలి. కొన్ని పంపుల మీద కిలోల అంకెలు ఉంటాయి. మాదాని మీద మెత్త, గట్టి అనే రెండు కొసలే ఉన్నాయి. అప్పుడు ఎంతకు పెట్టాలో తెలిసేదెలా? ఫిజియో మేడం ఫోన్‌లో చెప్పిన పద్ధతి ఇది. మనిషిని పడుకోబెట్టి, గాలి పరుపుకూ కింది ఫోం పరుపుకూ మధ్య, సరిగ్గా నడుము ఎముక కిందికి, అరచేయి పైకి పెట్టి దూర్చాలి. మనిషి ఎముక చేతికి తగలకూడదు, మధ్యలో అంగుళం మందమైనా గాలి ఉండాలి. తగిలితే గాలి చాలట్లేదు, మనిషి కింది పరుపుకు ఆనిపోయాడని అర్థం. అప్పుడు గాలి పరుపు ఉన్నా లేనట్టే. తల కింద ఎత్తు పెంచి కూర్చోబెట్టినప్పుడు మళ్లీ చూడాలి. బరువంతా నడుము మీదికి వస్తుంది కదా, పడుకున్నప్పుడు సరిపోయిన గాలి అప్పుడు సరిపోదు.

చాలా ఇళ్లలో చూశాను. పరుపు ఉంటుంది, పంపు గుయ్యిమంటూ ఉంటుంది, చేయి పెట్టి చూస్తే ఎముక వేళ్లకు తగులుతుంది. ఎవరూ చూడరు, ఎందుకంటే చూడాలని ఎవరూ చెప్పలేదు.

కరెంటు ఇంకో తలనొప్పి. బుడగల పరుపులో గాలి నిలవదు. కరెంటు పోయిన కాసేపటికే మెత్తబడుతుంది. పైపుల్ని మడిచి రబ్బరు బ్యాండు వేస్తే కొంతసేపు ఆగుతుంది, కానీ రాత్రంతా కాదు. పంపు తీసుకునే కరెంటు మాత్రం చాలా తక్కువ, పది వాట్లు అటూ ఇటుగా ఉంటుంది. దానికోసం పెద్ద ఇన్వర్టర్ అక్కర్లేదు. నేను షాపులో పడి ఉన్న పాత ఇన్వర్టర్‌కు బ్యాటరీ మార్చి పెట్టాను. ఆ పంపు విప్పి చూస్తే లోపల గాలి కొట్టడానికి మామూలు మోటార్ ఉండదు. చేపల తొట్టి పంపులో ఉన్నట్టే ఒక కాయిల్, దాని ముందు ఊగే అయస్కాంతం, రెండు పక్కలా గాలిని తోసే రబ్బరు పొరలు, అంటే డయాఫ్రంలు ఉంటాయి. చప్పుడు మారినా, గాలి తగ్గినా ఎక్కువగా ఆ రబ్బరు చిరిగి ఉంటుంది. కొత్త పంపు కొనేముందు ఒకసారి తెలిసిన మెకానిక్‌కు చూపించండి. పరుపుకు చిల్లు పడితే సబ్బు నురగ రాసి బుడగ ఎక్కడ లేస్తుందో చూసి, దాంతోపాటు ఇచ్చే ప్యాచ్ వేస్తే సరిపోతుంది.

ఇక అమ్మతో పెట్టుకున్న గొడవ. "గా ప్లాస్టిక్ మీద పండవెడితే మనిషి ఉడికిపోడా?" అని గాలి పరుపు మీద బొంత పరిచింది. అమ్మ మాటలో తప్పేమీ లేదు. మన ఎండలకు ప్లాస్టిక్ మీద వీపు నిజంగానే చెమటతో తడుస్తుంది, తడి చర్మం తొందరగా చిట్లుతుంది. కానీ బొంత అంత మందంగా ఉంటే కింద బుడగలు లేచినా దిగినా పైన మనిషికి అందదు. చివరికి మెత్తబడిన పాత నూలు పంచె ఒక్క పొర పరిచాం. బిగించి లాగి దోపితే అదే ఒక గట్టి డప్పు చర్మంలా తయారవుతుంది, అందుకే వదులుగా వదిలేశాం. చెమటకు రోజుకు ఎన్నిసార్లయినా పంచె మార్చడమే. మూత్రం కోసమని రబ్బరు షీటు, దాని మీద మడతలు పెట్టిన గుడ్డ, దాని మీద డైపర్ వేసే ఇళ్లున్నాయి. ఒక్కో పొర పెరిగిన కొద్దీ పరుపుకు పెట్టిన డబ్బు వృథా.

మడమల గురించి ఎవరూ పట్టించుకోరు. నడుము తర్వాత పుండు ఎక్కువగా పడేది అక్కడే. మడమలో కండ ఉండదు, చర్మం కిందనే ఎముక. గాలి పరుపు కూడా మడమలకు పూర్తిగా చాలదు. పిక్కల కింద పొడుగ్గా దిండు పెట్టి మడమలు గాలిలో తేలేలా చూడాలి, మడమకూ పరుపుకూ మధ్య కాగితం దూరాలి. దిండు మడమ వెనక ఉండే గట్టి స్నాయువు దగ్గర మాత్రమే ఉంటే బరువంతా అక్కడ పడుతుంది, అందుకే మోకాలి దిగువ నుంచి పిక్క పొడుగునా ఉండాలి, మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. మాకు ఊళ్లో బూరుగు దూది దిండ్లు ఉన్నాయి. కొత్తవి బాగానే ఉంటాయి, కొన్నాళ్లకు గడ్డకడతాయి. ఎండలో వేసి దులుపుకోవాలి.

మా మేనమామ ప్రేమగా రబ్బరు ట్యూబు తెచ్చాడు, మధ్యలో చిల్లున్న గుండ్రటిది. చూస్తే సరైన వస్తువే అనిపిస్తుంది, పుండు పడే చోటు చిల్లులో ఉంటుంది కదా అని. కానీ బరువంతా ట్యూబు అంచు మీద పడి, చుట్టూ రక్తం ఆగి, మధ్యలో ఉన్న చర్మం వాస్తుంది. పడక పుండ్ల నివారణ మీద ఉన్న అంతర్జాతీయ మార్గదర్శకాలు దీన్ని వాడొద్దనే చెబుతాయి. చేతి గ్లవుజుల్లో నీళ్లు నింపి మడమల కింద పెట్టే అలవాటు ఒకటుంది, అదీ వద్దనే అంటారు. అయినా ట్యూబులు ఇప్పటికీ షాపుల్లో ముందు వరసలో వేలాడుతున్నాయి. మామ బాధపడతాడని ట్యూబును బీరువా మీద దాచాం. తర్వాత మా పిల్లలు దాంతో చెరువులో ఈతకు వెళ్లారు.

తిప్పడంలోనూ ఒక పద్ధతి ఉంది. పూర్తిగా పక్కకు తిప్పితే బరువు తుంటి ఎముక మీద పడుతుంది, అక్కడ పుండు పడితే ఇంకా కష్టం. వీపు వెనక దిండు దోపి కొంచెం వాలుగా, 30 డిగ్రీలు ఉండేలా పెట్టాలి. అలా పెడితే బరువు పిర్ర కండ మీద ఆగుతుంది, నడుము ఎముక, తుంటి ఎముక రెండూ ఖాళీ. మోకాళ్ల మధ్య ఇంకో దిండు. పైకి జరపాల్సి వస్తే చంకల్లో చేతులేసి ఈడవకూడదు. నడుము కింద మడిచిన దుప్పటి ఉంచుకుని ఇద్దరం చెరో కొస పట్టి లేపి జరిపేవాళ్లం. తల వైపు ఎత్తు కూడా 30 డిగ్రీలు దాటనివ్వలేదు, అన్నం తినేటప్పుడు తప్ప. ఎత్తు ఎక్కువైతే మనిషి మెల్లగా కిందికి జారతాడు. చర్మం పంచెకు అతుక్కుని ఉంటుంది, ఎముక జారుతుంది, మధ్యలో రక్తనాళాలు సాగి తెగుతాయి.

గాలి పరుపు ఉంటే తిప్పాల్సిన పని లేదని ఆ షాపులో గట్టిగా చెప్పారు. తిప్పాలి. చర్మం చూసుకుంటూ రాత్రిపూట విరామం కాస్త పెంచుకున్నాం, అది కూడా డాక్టర్‌ను అడిగే. పొద్దున ఒళ్లు తుడిచేటప్పుడు అమ్మ చూసేది. కొడుకు ముందు ఒళ్లు చూపించడానికి బాపు చాలా సిగ్గుపడేవాడు, నేనూ బలవంతం చేయలేదు. అమ్మకు అనుమానం వస్తే ఫోన్‌లో ఫొటో తీసి ఆయనకే చూపించేది. తన నడుము తాను చూసుకున్నాక, తిప్పే టైం అయిందని ఆయనే గుర్తు చేయడం మొదలుపెట్టాడు. రోజూ గుడ్లు, పప్పు, పాలు తప్పనిసరి చేశాం. ఆసుపత్రిలో వచ్చిన మచ్చ చిట్లకుండానే మెల్లగా చర్మం రంగులో కలిసిపోయింది.

చక్రాల కుర్చీ వచ్చాక కథ మళ్లీ మొదలైంది. పడుకున్నప్పుడు బరువు ఒళ్లంతా పరుచుకుంటుంది. కూర్చుంటే పిర్రల కింది రెండు ఎముకల మీదే పడుతుంది. అంటే మంచం కన్నా కుర్చీయే ఎక్కువ ప్రమాదం. మాకు వచ్చిన కుర్చీకి రెక్సిన్ సీటు ఉంది, కొద్ది రోజులకే ఊయలలా కుంగింది. కుంగితే రెండు తొడలూ లోపలికి వాలి ఎముకల మీద బరువు ఇంకా పెరుగుతుంది. వడ్రంగి దగ్గర ప్లైవుడ్ ముక్క కోయించి, అంచులు గుండ్రంగా చేయించి రెక్సిన్ మీద పెట్టి, దాని మీద కుషన్ వేశాం.

కుషన్లలో బాగా పేరున్నవి వేళ్లలాంటి రబ్బరు గాలి బుడ్లు ఉండేవి. అమెరికాలో రోహో కంపెనీ వాటికి పేరు తెచ్చింది. వాటికీ అదే చేతి పరీక్ష. గాలి ఎక్కువైతే మనిషి బంతి మీద కూర్చున్నట్టు ఊగుతాడు, తక్కువైతే అడుగుకు తగులుతాడు. ధర విని మేం వెనక్కి వచ్చాం. జెల్ కుషన్ బరువు, పైగా జెల్ పక్కలకు జరిగిపోతుంటే చేత్తో నలిపి మళ్లీ మధ్యకు తేవాలి. చివరికి రెండు పొరల ఫోం చేయించుకున్నాం, కింద గట్టిది, పైన మెత్తది, మొత్తం నాలుగంగుళాలు. ఫోం చచ్చిపోతుంది. బొటనవేలితో నొక్కి వదిలితే పైకి రాకపోతే దాని పని అయిపోయినట్టే, చూడటానికి కొత్తగా ఉన్నా మార్చాలి.

కుషన్ వేశాక ఒక సంగతి నేను స్పానర్ తీసుకుని చేశాను. నాలుగంగుళాల కుషన్ వేస్తే మనిషి అంత పైకి లేస్తాడు, కాళ్లు పెట్టే పలకలు పాత ఎత్తులోనే ఉంటే పాదాలు సరిగ్గా ఆనక వేలాడతాయి, మనిషి ముందుకు జారతాడు. పలకలు మరీ పైకి ఉన్నా ఇబ్బందే, మోకాళ్లు లేచి తొడల బరువంతా వెనక ఎముకల మీదికి వస్తుంది. తొడ పొడుగునా కుషన్‌కు ఆనేలా పలకల్ని సరిచేయాలి. ఇది పైసా ఖర్చు లేని పని, కానీ నేను చూసిన కుర్చీల్లో చాలావాటికి ఫ్యాక్టరీలో బిగించిన నట్లు అలాగే ఉన్నాయి.

కూర్చున్నాక ప్రతి పావుగంటకో అరగంటకో బరువు దించాలి. చెట్లెక్కిన చేతులు కదా, బాపు కుర్చీ చేతుల మీద ఆనుకుని ఒళ్లంతా పైకి లేపి చూపించేవాడు, పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. కానీ అలా లేపి పట్టుకునేది కొద్ది క్షణాలే, నలిగిన చోటికి రక్తం సరిగ్గా తిరిగి రావడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుందట. పైగా భుజాలు అరిగిపోతాయి. అందుకే మంచం మీదికి ముందుకు వంగి మోచేతులు ఆనించి కాసేపు ఉండటం నేర్పారు. టీవీలో అడ్వర్టైజ్‌మెంట్ వచ్చినప్పుడల్లా వంగాలని ఆయనే లెక్క పెట్టుకున్నాడు.

ఈ మధ్య పక్క మండలం నుంచి ఒకబ్బాయి ఫోన్ చేశాడు. వాళ్ల నాన్న కూడా చెట్టు మీదినుంచే పడ్డాడు. ఏం కొనాలన్నా అని అడిగాడు. డబ్బు తక్కువగా ఉంటే ముందు నాలుగు దిండ్లు, గట్టి ఫోం పరుపు, తర్వాత గాలి పరుపు, కుర్చీ వచ్చేనాటికి మంచి కుషన్, ఈ వరసలో చూసుకోమన్నాను. కుర్చీ కుషన్ దగ్గర మాత్రం పీనాసితనం వద్దన్నాను. బాపు ఇప్పుడు తనంతట తాను దొర్లగలుగుతున్నాడు, రాత్రిపూట మంచి ఫోం పరుపే సరిపోతోందని డాక్టర్ కూడా అన్నాడు. మా గాలి పరుపును సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, పంపులో డయాఫ్రంలు మార్చి ఆ అబ్బాయికి ఇచ్చాను. వాళ్లింట్లోనూ నవారు మంచమేనట. ముందు చెక్క మంచం వెతుక్కో, పంపు సంగతి తర్వాత చూద్దాం అన్నాను.